నీలం పేజీ

"ఆ సాయంత్రం నేను ఊళ్లోనే లేనండీ," అన్నాడు ఫొటో స్టూడియో యజమాని, ఎవరూ ఏమీ అడగకముందే.

ఆరా అక్క స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చుంది. ముప్పై ఏళ్లుగా జనం గుట్టుమట్లు ఆరా తీస్తూ తిరిగినందుకు ఆ పేరు ఆమెకు అతుక్కుపోయింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. అడగకుండానే జవాబు చెప్పేవాళ్లంటే ఆమెకు మొదటినుంచీ ఇష్టం. సగం పని వాళ్లే చేసిపెడతారు.

"ఎక్కడికెళ్లారు?"

"పక్క ఊరు. ఏదో కాలేజీ వార్షికోత్సవం, ఫొటోలు తీయడానికి. మధ్యాహ్నం వెళ్లాను. రాత్రి హోటల్లో పడుకున్నాను. మామయ్య సంగతి తెలిసి తెల్లారేసరికి వచ్చిపడ్డాను."

"ఏ హోటల్?"

"బస్టాండు ఎదురుగా ఉంటుందండీ. పేరు గుర్తులేదు."

"రసీదు?"

"పారేశాను."

"పోనీ, తీసిన ఫొటోలు?"

అతను మెడ వెనక రుద్దుకున్నాడు. "కార్డు పాడైపోయిందండీ."

"హోటల్ పేరు మర్చిపోయారు, రసీదు పారేశారు, కార్డు పాడైపోయింది," అంది ఆరా అక్క. "పాపం, ఆ రోజు మీకు ఒక్కటీ కలిసిరాలేదు."

ఆ భవనంలో మూడు అంతస్తులు. కింద ఈ ఫొటో స్టూడియో, మధ్యలో రక్తపరీక్షల ల్యాబ్, పైన రికార్డింగ్ స్టూడియో. పైనది ఇతని మామగారిది. ఒకప్పుడు రేడియో నాటకాలన్నీ ఆ గదిలోనే టేపు మీదికెక్కేవి. ఆ పెద్దాయన ఐదు రోజుల కిందట పై మెట్ల మీంచి పడి తల పగలగొట్టుకున్నాడు. ల్యాబ్ అమ్మాయి పని ముగించి తాళం వేయబోతూ చూసింది. అప్పటికి ఆయన పడి ఎంతసేపైందో ఎవరికీ తెలియదు. ఆసుపత్రిలో ఇంతవరకూ స్పృహ రాలేదు. కాలు జారిందా, ఎవరైనా తోశారా అన్నది తేల్చమని ఆయన కూతురు ఆరా అక్కను పిలిపించింది. ఆ కూతురే ఈ ఫొటోల అల్లుడి భార్య.

అల్లుడు చెడ్డవాడిలా కనిపించలేదు. వెనక గోడ నిండా నలుపుతెలుపు ఫొటోలు, అన్నీ అతని తండ్రి చేతి పని. ఇప్పుడెవరూ ఫొటోకి కుర్చీలో కూర్చోవడం లేదని, తండ్రి కడిగిన ఫొటోలు వేలాడదీసే తీగ మాత్రం ఇంకా తీయబుద్ధి కాలేదని అతనే చెప్పాడు. చెబుతూ చెబుతూ జేబులోంచి ఫోన్ తీశాడు.

"నమ్మకపోతే ఇది చూడండి. ఇంట్లోవాళ్లందరి గ్రూపు."

పడిపోయిన రోజు సాయంత్రం పెద్దాయన ఆ గ్రూపులో ఒక లింక్ పెట్టాడు. 'మీ అమ్మ వేసిన నాటకం ఒకటి దుమ్ము దులిపి శుభ్రం చేశాను. వినండి' అని. దాని కిందనే అల్లుడి జవాబు: 'ఏదో నీలం పేజీ వస్తోంది మామయ్యా, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఊరినుంచి వచ్చాక వింటాను.' ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు.

"నేను ఇక్కడే ఉంటే రెండంతస్తులు ఎక్కి అడిగేవాణ్ని కదండీ. మెసేజ్ ఎందుకు పెడతాను?"

ఆ మాటలో తప్పు పట్టడానికి ఆరా అక్కకు ఏమీ దొరకలేదు. దొరకనందుకే అది మనసులో ఒక మూల ముల్లులా ఉండిపోయింది. ఫోన్ తిరిగి ఇచ్చేసి మెట్లెక్కింది.

పై గది తలుపు తీయగానే ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. స్పూల్ టేపులు పాతబడితే ఒక వాసన వస్తుంది, కొంచెం పులిసినట్టుగా. ఆ వాసన వెంటే ఆమెకు చిన్నప్పటి ఆదివారం మధ్యాహ్నాలు వచ్చి చుట్టుకున్నాయి. అలమర మీద నాన్న రేడియో. గిన్నెలు కడుగుతూ కడుగుతూ చేతులు ఆపేసి నిలబడ్డ అమ్మ. కిటికీ అవతల పక్కింటివాళ్లు. నాటకంలో కథానాయిక గొంతు తగ్గించి మాట్లాడిందంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. ఆ గొంతు పెద్దాయన భార్యది. ఆవిడ పోయి పదేళ్లు దాటింది. మొహం ఎలా ఉండేదో ఆరా అక్కకు తెలియదు గాని, ఆ గొంతు చీకట్లో వినిపించినా పోల్చుకోగలదు.

"రండక్కా," అంది లోపలినుంచి అదే గొంతు.

ఆరా అక్క ఒక్క క్షణం తడబడింది. మాట్లాడింది కూతురు. రైల్వే స్టేషన్‌లో బళ్ల రాకపోకలు చదివే ఉద్యోగం ఆమెది. తల్లి ఆస్తిలో ఆమెకు వచ్చింది ఆ గొంతు ఒక్కటే.

"మీ అమ్మగారి గొంతు విని ఎన్నాళ్లయిందో," అంది ఆరా అక్క, తేరుకుని.

"నాన్న రోజూ వింటున్నాడు. తెలిసిన గొంతులు వినిపించమని డాక్టరు చెప్పాడు. అమ్మ నాటకాలన్నీ ఇక్కడి మిషన్‌లో ఉన్నాయి కదా. పిన్ని ఆసుపత్రిలో నాన్న దిండు పక్కన ఫోన్ పెట్టుకుని, మా సైట్ తెరిచి వరసగా వినిపిస్తోంది. అమ్మ మాట్లాడినప్పుడు వేళ్లు కదుపుతున్నాడట."

ఆరా అక్క గది అంతా కలియదిరిగింది. టేపుల బీరువాలో ఒక్క అర మాత్రం అస్తవ్యస్తంగా ఉంది. ఎవరో డబ్బాలు తీసి, చీటీలు చదివి, తొందరలో తిరిగి పెట్టారు. అద్దం అవతల మైకు గది. అక్కడ మైకు ముందు ఆమె ఆగింది.

"ఈ మైకు ఇంత ఎత్తులోనే ఉంటుందా?"

కూతురు దగ్గరికొచ్చి చూసింది. మొహం చిన్నబోయింది. "లేదక్కా. అమ్మ ఎత్తుకే ఉంటుంది. అమ్మ పోయాక నాన్న ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నేను గట్టిగా తుడిచినా కేకలేసేవాడు."

"మీ అమ్మగారి కంటే పొడుగు మనిషి ఎవరో ఇక్కడ నిలబడ్డారు. మీ నాన్న నిలబడనిచ్చాడు. అంటే కొత్తవాళ్లు కాదు." ఆరా అక్క మైకు మర ముట్టుకోకుండా వంగి చూసింది. తుప్పు మీద తాజా గీత ఉంది. "సరే, ఆ మిషన్లు ఏవి?"

మూలన చెక్క అరలో నాలుగు పెట్టెలు గుర్రుమంటున్నాయి. మూడింటి మీద పెద్దాయన గుండ్రటి అక్షరాలతో కాగితాలు అంటించి ఉన్నాయి: 'గొంతులు', 'ఆల్బం', 'ల్యాబ్'. నాలుగోది అరచేతిలో పట్టేంత చిన్నది. దాని మీద 'గుమాస్తా' అని ఉంది.

"వైరు ఒకటే కనబడుతోంది," అంది ఆరా అక్క.

"భవనం మొత్తానికీ కనెక్షన్ ఒకటే అక్కా. బయటి ప్రపంచానికి మా ముగ్గురికీ కలిపి ఒక్కటే ఇంటర్నెట్ అడ్రస్. మూడు సర్వర్లు మాత్రం వేరువేరు. నాన్న పాత నాటకాలు ఒకదాంట్లో, మా ఆయన కస్టమర్ల ఫొటోలు ఒకదాంట్లో, ల్యాబ్ వాళ్ల రిపోర్టులు ఇంకోదాంట్లో. బయటినుంచి ఎవరొచ్చినా ముందు గోడకున్న ఆ రౌటర్ దగ్గరికి రావాలి. అది తీసుకెళ్లి గుమాస్తాకి అప్పజెబుతుంది. మీరు ఏ పేరు అడిగారో చూసి గుమాస్తా ఆ మిషన్ దగ్గరికి పంపిస్తాడు. రిపోర్టు కోసం వచ్చినవాళ్లకి నాటకం వినబడకుండా."

"మీ నాన్న ఏర్పాటేనా?"

"ల్యాబ్ వాళ్లు వేరే కనెక్షన్ పెట్టించుకుంటామంటే, ఎందుకయ్యా దండగ, ఒక గుమ్మంలోంచి ముగ్గురం నడవలేమా అన్నాడు. ఈ వయసులో పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాడు. నేను పక్కన కూర్చుని టైపు చేసేదాన్ని."

ఆరా అక్కకు ఆ గొంతు ఒకసారి వినాలనిపించింది. పనికోసమని తనకు తాను చెప్పుకుంది గాని, నిజానికి పనికోసం కాదు. గోడలకు దళసరి గుడ్డ అతికించిన ఆ గదిలో ఆమె ఫోన్‌కు సిగ్నల్ అందలేదు. కూతురు వైఫై కలిపి, పెద్దాయన ఆఖరుగా పెట్టిన లింక్ పంపింది. ఆరా అక్క దాన్ని నొక్కింది.

తెర మీద నీలం పేజీ వచ్చింది. మధ్యలో రెండు గడులు. ఒకటి పేరుకు, ఒకటి పాస్‌వర్డ్‌కు.

"ఓ, అదా," అంది కూతురు, తొంగిచూసి. "అది రౌటర్ సొంత పేజీ అక్కా. లోపల ఉన్నవాళ్లు బయటి పేరుతో పిలిస్తే, తననే పిలిచారనుకుని అది తన మొహమే చూపిస్తుంది. సరిచేయాలి, సరిచేయాలి అంటూనే ఉన్నాడు నాన్న. ఇక్కడి కంప్యూటర్లకి లోపలినుంచి వేరే దారి పెట్టాడులెండి, అందుకని మాకెప్పుడూ అడ్డం రాలేదు. మీరు వరండాలోకెళ్లి వైఫై తీసేసి చూడండి, వస్తుంది."

ఆరా అక్క వరండాలోకి వెళ్లింది. వైఫై తీసేసింది. తన సొంత నెట్‌తో మళ్లీ అదే లింక్ నొక్కింది. ఈసారి తెల్లటి పేజీ మీద నాటకం పేరు, కింద వినే గుర్తు. వేలు తగలగానే, నలభై ఏళ్ల కిందటి ఆదివారం మధ్యాహ్నపు ఆ గొంతు ఫోన్‌లోంచి పలకరించింది. ఒక్క వాక్యం విని ఆరా అక్క ఆపేసింది. ఇంకో వాక్యం వింటే కళ్లు తుడుచుకోవలసి వచ్చేది.

గదిలోకి తిరిగి వచ్చి మిషన్ల అర దగ్గర నిలబడింది.

"ఒకమాట చెప్పమ్మా. బయట ఊళ్లో ఉన్నవాళ్లకి ఆ నీలం పేజీ ఎప్పుడైనా వస్తుందా?"

"రాదక్కా."

"ఇక్కడ మిషన్ ఆగిపోయినా?"

"ఆగిపోతే దొరకలేదని చెబుతుంది, లేదా ఊరికే తిరుగుతూ ఉంటుంది. నీలం పేజీ రావాలంటే ఈ భవనం వైఫైలోనే..."

కూతురు మాట సగంలో తెగిపోయింది. కూతురు నెమ్మదిగా తన ఫోన్ తీసి, ఇంట్లోవాళ్ల గ్రూపు తెరిచి, ఐదు రోజులు వెనక్కి వెళ్లి, భర్త రాసిన రెండు ముక్కలూ చదివింది. మళ్లీ చదివింది. ఆ రోజు స్టేషన్‌లో డ్యూటీ. ఆ తర్వాత ఆసుపత్రి. ఆ మెసేజ్ చూసింది గాని, దాని గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది?

"ఆయన ఇక్కడే ఉన్నాడు," అంది చివరికి. రైళ్లు రద్దయినప్పుడు కూడా ఆమె గొంతు అలా ఉండి ఉండదు.

"ఉన్నాడు. ఎందుకు లేనన్నాడో ఇంకా తెలీదు. తెలిసేదాకా మనసు పాడుచేసుకోకు."

సరిగ్గా అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడయింది. ఆ నడక ఆరా అక్కకు తెలుసు. ఒక కాలు కొంచెం ఈడుస్తూ, ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి తీసుకుంటూ. తల తిప్పకుండానే అంది, "రావోయ్ కోటూ. తలుపు తీసే ఉంది."

ఎండలు మండిపోతున్నా కోటు విప్పడు కాబట్టి అతనికా పేరు. ఇరవై ఏళ్ల కిందట ఇద్దరూ ఒకే గదిలో డిటెక్టివ్ ఆఫీసు నడిపారు. రెండు బల్లలు, ఒక ఫ్యాను, ఒక టెలిఫోను. తర్వాత అతను పెద్ద ఏజెన్సీలోకి వెళ్లాడు. ఆమె అదే గదిలో ఉండిపోయింది. ఇప్పుడతని వెనక ఒక కానిస్టేబుల్, కానిస్టేబుల్ చేతుల్లో ఖాళీ అట్టపెట్టెలు.

"బావున్నావా అక్కా? ఆ అర దగ్గర్నుంచి జరుగు. అవన్నీ సాక్ష్యాలు, తీసుకుపోతున్నాం."

"ఎవరి తరఫున?"

"గాయని గారి తరఫున."

గాయని గారంటే ఇక వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క ఊయల పాటతో ఇంటింటికీ చుట్టమైన మనిషి. రేడియోలో ఆ పాట మొదలయ్యాక నిద్రపోని పిల్లలు ఆ తరంలో లేరు. ఆరా అక్క చెల్లెలిని నిద్రపుచ్చింది కూడా ఆ పాటే.

"ఆవిడకి ఒక మెయిల్ వచ్చింది," అన్నాడు కోటు. "ఈయన పడిపోవడానికి ముందు రోజు. కంఠతా వచ్చు, విను. 'ఊయల పాట అసలు టేపు మా దగ్గరుంది. నిజం మీరే చెబితే మర్యాదగా ఉంటుంది. లేకపోతే టేపే చెబుతుంది.' బెదిరింపు కాక ఏమిటిది? ఎక్కణ్నుంచి వచ్చిందో పోలీసులు కూపీ లాగారు. ఈ భవనం ఇంటర్నెట్ అడ్రస్. కనెక్షన్ ఎవరి పేరు మీదుంది? పెద్దాయన పేరు మీద. బెదిరించాడు, బయటపడతానేమోనని హడలిపోయాడు, మెట్ల మీంచి దూకాడు. కథ కంచికి."

"మా నాన్న ఎవర్నీ బెదిరించడు," అంది కూతురు.

"కూతుళ్లందరూ అదే అంటారమ్మా."

"ఆ నిజం ఏమిటో మీ గాయని గారు చెప్పిందా?" అడిగింది ఆరా అక్క.

"చెప్పలేదు. నేనడగలేదు. క్లయింటుని అన్నీ అడక్కూడదు."

"ఆ బుద్ధి వల్లే కదా మన ఆఫీసు రెండు ముక్కలైంది." ఆరా అక్క అర ముందే కుర్చీ వేసుకుని కూర్చుంది, లేచే ఉద్దేశం లేనట్టు. "మన పాత ఫోన్ గుర్తుందా నీకు? నల్లది. నా పేరు మీద ఉండేది."

"ఇప్పుడదెందుకు?"

"పుస్తకాల షాపులో ఒకమ్మాయి ఉండేది. నువ్వు రోజూ సాయంత్రం ఆ ఫోన్ నుంచి వాళ్లింటికి చేసేవాడివి. వాళ్ల నాన్న ఎత్తితే మాట్లాడకుండా పెట్టేసేవాడివి. వాళ్ల నాన్న నంబరు పట్టుకుని, ఎవరిదో వాకబు చేసి, గొడుగు పట్టుకుని మన ఆఫీసుకొచ్చాడు. ఎవరి మీద కేకలేశాడు?"

కోటు మీసం కింద నవ్వు దాగలేదు. "నీ మీద."

"నువ్వెక్కడున్నావు?"

"బీరువా వెనకాల."

"నంబరు ఒకటి. బల్లలు రెండు. ఫోన్ నా పేరు మీదుంది గాని, అవతలివాడి చెవిలో ఊపిరి పీల్చింది నువ్వు. ఈ భవనంలో సర్వర్లు మూడు, అవి కాక ఈ వైఫై తగిలించుకున్న ఫోన్లు ఎన్నో. దేన్నుంచి మెయిల్ వెళ్లినా బయటివాళ్లకి కనబడేది ఆ ఒక్క అడ్రసే. ఎవరి పేరు మీదుందో తెలుసుకున్నావు సరే. ఎవరు రాశారో తెలుసుకున్నావా?"

"ఆ గొడుగాయన అల్లుడిగా నన్ను ఎంత బాగా చూసుకున్నాడో," అన్నాడు కోటు, గొణుగుతున్నట్టు. "మా ఆవిడ పోయి మూడేళ్లయింది అక్కా. నీకు కబురు చేద్దామనుకుని చేయలేకపోయాను."

ఆ కబురు ఆరా అక్కకు అప్పుడే తెలిసింది. పుస్తకాల షాపు అమ్మాయి ఆఫీసుకొచ్చినప్పుడల్లా తన బల్ల మీద ఒక పాత పత్రిక పెట్టి వెళ్లేది, డబ్బులివ్వబోతే తీసుకునేది కాదు. "చేయాల్సింది," అంది, అంతే.

కోటు గొంతు సవరించుకుని మళ్లీ కోటు అయిపోయాడు. "ఎవరు రాశారో ఈ మిషన్లు విప్పితే తేలుతుంది. విప్పాలంటే తీసుకుపోవాలి. కానివ్వవయ్యా," అన్నాడు కానిస్టేబుల్‌తో.

"తీస్తే ఆసుపత్రిలో అమ్మ గొంతు ఆగిపోతుంది," అంది కూతురు. అరకు అడ్డంగా నిలబడింది. "నాన్నకి వినబడుతున్నది అదొక్కటే."

కానిస్టేబుల్ అట్టపెట్టె కిందపెట్టి, మొహమాటంగా, "ల్యాబ్‌ది కూడా తీసేయాలా సార్? మా ఆవిడ రిపోర్టు ఇవాళ వస్తుందన్నారు," అన్నాడు.

"ఎవరూ ఏమీ తీయక్కర్లేదు," అంది ఆరా అక్క. "అమ్మాయ్, మీ ఆయన్ని పైకి పిలువు."

అల్లుడు గదిలోకి వచ్చేసరికి ఆరా అక్క తన ఫోన్‌కు వైఫై మళ్లీ తగిలించి, లింక్ నొక్కి, నీలం పేజీ అతని మొహం ముందు పెట్టింది.

"ఆ రోజు మీకు వచ్చింది ఇదేనా?"

"ఇదేనండీ," అన్నాడు, సాక్ష్యం దొరికిన ఆనందంతో.

"పక్క ఊళ్లో?"

"అవునండీ."

ఆమె అతని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లి, వైఫై తీసేసి, మళ్లీ నొక్కింది. తెల్ల పేజీ. నాటకం పేరు. "గుమ్మం దాటితే ఇది వస్తుంది. ఆ నీలంది ఈ గోడల మధ్య ఉన్నవాళ్లకే. ఈ కిటుకు మీకు తెలీదు, ఎందుకంటే మీ కంప్యూటర్‌లో మామయ్య వేరే దారి పెట్టాడు. ఆ సాయంత్రం మొదటిసారి ఫోన్‌లో నొక్కారు. ఎక్కడ కూర్చుని నొక్కారు?"

అల్లుడు భార్య వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతను వరండా పిట్టగోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు.

"షాపులోనే. షట్టర్ సగం దించుకుని," అన్నాడు. "ఆ మెయిల్ రాసింది నేనే."

కోటు ఒక అడుగు ముందుకేశాడు. ఆరా అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"పాత టేపులన్నీ మిషన్‌లోకి ఎక్కించే పనిలో నేనూ సాయపడుతున్నాను కదా. ఒక డబ్బా మీద చీటీ లేదు. వేసి చూస్తే ఊయల పాట. కాని ఆ గొంతు..." అతను భార్యకే చెబుతున్నాడు. "మీ అమ్మది. పాట మొదలయ్యే ముందు మామయ్య ఆమెని పేరుపెట్టి పిలుస్తాడు, అత్తయ్య నవ్వుతుంది, తర్వాత పాడుతుంది. ఊరూవాడా నలభై ఏళ్లుగా వింటున్న పాట అదే, ఆ రికార్డింగే. గాయని గారిది కాదు. పాటలో గొంతు మారుతుంది కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ పోల్చుకోలేదు. ఆ రోజు ఆవిడకి గొంతు పోయిందట. మొదటి అవకాశం పోతుందని ఏడిస్తే అత్తయ్య పాడిపెట్టింది. పేరు మాత్రం ఆవిడదే వేశారు. మామయ్యని అడిగితే ఇదంతా చెప్పి, అత్తయ్యకి మాటిచ్చాను, ఇక ఆ ఊసెత్తకు అన్నాడు. నాకు కడుపు మండింది. ఆయనకి తెలీకుండా మెయిల్ పెట్టాను. ఆ సాయంత్రం ఆయనకి తెలీకుండా ఆ టేపు కిందికి తెచ్చుకుని కాపీ చేసుకుంటున్నాను. అందుకే ఊరెళ్తున్నానని అబద్ధమాడాను."

"మామయ్య లింక్ పంపాడు, మీరు జవాబిచ్చారు. తర్వాత?"

"టేపు తిరిగి పెట్టేద్దామని పైకెళ్లబోయాను. రెండో అంతస్తు దాకా వెళ్లానండీ. పైన తలుపు తీసి ఉంది, లోపలినుంచి మాటలు. ఆవిడ గొంతు ఎవరికి తెలీదు?"

కోటు నవ్వబోయి ఆగాడు. "ఆవిడ ఈ మెట్లెక్కి ముప్పై ఏళ్లయిందని నాతో చెప్పింది."

"ఐదు రోజులైంది," అన్నాడు అల్లుడు. "ఆ మెయిల్‌కి ఆవిడ జవాబు రాయలేదు. తనే వచ్చింది. టేపు ఎక్కడ అంటోంది. మామయ్యకి మెయిల్ సంగతే తెలీదు. పాపం, పాత స్నేహితురాలు చూడ్డానికొచ్చిందని మురిసిపోతున్నాడు. మైకు నీ ఎత్తుకి సర్దుతానుండు, ఇన్నేళ్లకి వచ్చావు, ఒక్కసారి నీ గొంతుతో పాడు, అది కూడా దాచుకుంటాను అంటున్నాడు. ఆవిడ అది వెక్కిరింపు అనుకుంది. నేను చేసిన పని అర్థమై వెనక్కి వచ్చి షాపులో దూరాను. కాసేపటికి మెట్ల మీద ఆ చప్పుడు..." అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "షట్టర్ కింద సందులోంచి కాళ్లు కనబడ్డాయి. పరిగెత్తలేదండీ. నెమ్మదిగా, తొణక్కుండా వెళ్లిపోయాయి. నేను బయటికొచ్చేసరికి ల్యాబ్ అమ్మాయి అరుస్తోంది. జనం వచ్చేస్తున్నారు. మామయ్యకి మనుషులున్నారు కదా అనుకుని వెనక తలుపులోంచి పారిపోయాను."

"తోసిందా?"

"చూడలేదు. చూసుంటే చెప్పేవాణ్ని."

కూతురు ఏడవలేదు. "ఆ టేపేది?" అంది.

"నా దగ్గరే ఉంది. పాట మాత్రం మిషన్‌లో పెట్టేశాను. మీ నాన్నకి అమ్మ గొంతు వినిపించమన్నారు కదా. నాటకాల మధ్యలో ఆ పాట కూడా వచ్చేట్టు నిన్న నేనే చేర్చాను. ఆ నవ్వుతో సహా."

కోటు మొహంలో రంగు తగ్గిపోతోంది. ఆరా అక్క అది గమనించింది. అతన్ని చదవడం ఆమె ఇంకా మర్చిపోలేదు.

"ఏమిటి కోటూ?"

"పొద్దున ఆవిడ ఫోన్ చేసింది," అన్నాడు అతను. "పాత స్నేహితుడు, మనసొప్పడం లేదు, ఒకసారి చూసొస్తానంది. ఆసుపత్రిలో బయటివాళ్లని పంపడం లేదట. లోపలికి పంపమని నేనే మాట్లాడిపెట్టాను."

"ఎప్పుడు వెళ్తానంది?"

"నేనిటు బయల్దేరినప్పుడే తనూ బయల్దేరింది."

కూతురు అప్పటికే పిన్నికి ఫోన్ కలిపింది. అందరికీ వినబడేట్టు పెట్టింది. రెండు మూడు సార్లు మోగాక పిన్ని ఎత్తింది.

"పిన్నీ, నాన్న పక్కనే ఉన్నావా?"

"వరండాలో ఉన్నానే. ఎవరొచ్చారో తెలుసా? గాయని గారే స్వయంగా. ఎంత పెద్ద మనిషి, పళ్లు పట్టుకుని మరీ వచ్చింది."

"నువ్వు బయటికెందుకొచ్చావు?"

"ఆవిడే పంపించింది. తను వచ్చేసరికి ఫోన్‌లో ఊయల పాట వస్తోంది. అక్క గొంతులాగే అనిపించి నేనూ చెవొగ్గి వింటున్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి పాటంతా వింది. తర్వాత ఫోన్ ఆపేసి నా చేతిలో పెట్టి, టేపెందుకమ్మా, ఎదురుగా నేనే ఉన్నాను కదా, నేనే పాడి వినిపిస్తాను, మీరు కాస్త టీ తాగి రండి అంది. తలుపు కూడా తనే వేసుకుంది."

కోటు మెట్ల వైపు పరుగు తీశాడు. ఈడ్చే కాలు ఈడుస్తూనే. ఆరా అక్క ఫోన్ దగ్గరికి వంగింది.

"పాడుతోందా అమ్మా?"

అవతల చెప్పుల చప్పుడు వినిపించింది. పిన్ని తలుపు దగ్గరికి నడిచింది కాబోలు.

"లేదమ్మా," అంది పిన్ని. "పాటేమీ వినబడటం లేదు."